ఆమె దాటవేసిన వాక్యం

ఆగస్టు 3, ఆదివారం

ఇది ప్రభువు దినము. సృష్టిలో వెలుగు మొదట పుట్టిన దినమనీ, సమాధిలో మరణం ఓడిన దినమనీ పెద్దలు దీనిని ఏడింటిలో మొదటిదిగా నిలిపారు. అట్టి దినమున, నా కుడికన్ను కూడ ఎడమకన్ను దారి పట్టినదని ఒప్పుకొని, ఎవరికీ చూపని ఈ వ్రాతకు పూనుకొంటున్నాను. వెలుగును స్మరించవలసిన పూట చీకటిని నమోదు చేయడం సబబా కాదా అన్నది నాకు తెలియదు. తెలియనివన్నీ నేటినుండి ఇక్కడ వ్రాసుకుంటాను. తెలిసినవి చెప్పడానికి మందిరంలో నా బల్ల ఉంది.

కంటి డాక్టరు మొన్న చెప్పిన మాట ఇది: చూపులో నడిమి భాగం పోతుంది, అంచులు మిగులుతాయి. "గోడ కనిపిస్తుంది మాష్టారూ, గోడ మీద గడియారం కనిపించదు. మనిషి కనిపిస్తాడు, మొహం కనిపించదు" అన్నాడు. "మరి అక్షరం?" అని అడిగాను. ఆయన నా ప్రశ్నను పక్కన పెట్టి, "ఇంట్లో చెప్పారా?" అన్నాడు. చెబుతానన్నాను.

చెప్పను.

కళాశాలలో పద్యం చెప్పి బతికినవాడిని. ఉద్యోగం ముగిశాక నా గొంతుకు మిగిలిన చోటు మందిరంలోని ఆ ఏటవాలు బల్ల ఒక్కటే. ప్రతి ఆదివారం వాక్యపాఠం చదివేది నేను. మా సంఘపు ఆనవాయితీ ప్రకారం పాఠకుడు ముందుగా ఆ పెద్ద బైబిలు గ్రంథాన్ని తెరిచి, రెండు చేతులా తలకంటె ఎత్తుగా లేపి సభకు చూపాలి. అందరూ లేచి నిలవాలి. ఆ తరువాతనే చదవాలి. వారమంతా నా మనస్సు రైలు రాని స్టేషనులా ఉంటుంది, కూర్చునేవారు కూర్చుంటారు, లేచేవారు లేస్తారు, ఎవరికీ నిలకడ లేదు. ఆ బల్ల ముందు నిలిచినప్పుడు మాత్రమే లోపల సద్దుమణుగుతుంది. దానినే నేను దేవుడిచ్చిన సమాధానం, అంటే మనశ్శాంతి, అనుకుంటూ వచ్చాను. కన్ను పోయిందని తెలిస్తే బల్ల పోతుంది. బల్ల పోతే?

సెప్టెంబరులో మనవరాలి బాప్తిస్మం. ఆనాటి పాఠం నేను చదవాలి. అంతవరకైనా.

ఉపాయం ఉంది: ధారణ. చిన్ననాడు నాన్నగారు ఒకసారి వినిపించిన పద్యాన్ని తిరిగి అప్పజెప్పేదాకా నన్ను పీట మీదినుండి లేవనిచ్చేవారు కారు. ఈ వారం పాఠాన్ని కంఠతా పట్టి చదివాను. పుట తిప్పవలసిన చోట తిప్పాను కూడ. ఎవరూ గమనించలేదు.

ఆగస్టు 5, మంగళవారం

ఇంటావిడకు వయస్సు మీదపడుతోంది. తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. "మెట్టు తడిగా ఉంది" అంటుంది. "టీ కప్పు కిటికీ పక్కన పెట్టా" అంటుంది. "ఇవాళ నీలం చొక్కా, గుండీలన్నీ ఉన్నాయి" అంటుంది. నేను అడిగానా?

"ఎవరితోనోయ్ మాటలు?" అన్నాను.

"మీరెటూ వినరుగా. గోడలకి చెప్పుకుంటున్నా" అంది.

జాలి వేసింది. ఆమెను ఒకసారి డాక్టరుకు చూపించాలి.

ఆగస్టు 9, శనివారం

దైవసహాయం అంటే ఇదే. మా అయ్యగారు, అంటే కొత్తగా వచ్చిన పాస్టరు, ప్రతి శుక్రవారం ఫోను చేసి ఆదివారపు పాఠం ఏదో చెబుతారు. నిన్న చెప్పినది వంశావళి. నోరు తిరగని పేర్ల వరుస, నాకు కంఠస్థం కానిది. పుస్తకం ముఖానికి ఎంత దగ్గరగా పెట్టుకున్నా చీమలు పోగైనట్టే ఉంది. ఏం చేయాలో తోచక పేపరు అడ్డం పెట్టుకొని కూర్చున్నాను.

ఇంటావిడ ఉతికిన బట్టలు ముందేసుకొని మడతపెడుతోంది. ఆమెకేం బుద్ధి పుట్టిందో, గ్రంథాన్ని బట్టల గుట్టకు ఆనించి అదే అధ్యాయాన్ని పైకి చదవసాగింది. ఒకసారి కాదు. ఒక దుప్పటి మడత అవగానే మళ్ళీ మొదటినుండి. తప్పుల తడక. పేర్లు కొన్ని నమిలింది, కొన్ని మింగింది. అయితేనేం, మింగినవి ఏమై ఉంటాయో నేను పోల్చుకోగలను. మధ్యాహ్నానికి మొత్తం నా నాలుక మీదికి వచ్చింది.

ఆమెకు ఇసుమంతైనా అనుమానం రాలేదు. "పేపర్లో ఏమైనా ఉందా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను.

ఆగస్టు 10, ఆదివారం

చదివాను. ఒక్క పేరు తప్పలేదు.

కాని సంఘంలో క్రమశిక్షణ సడలిపోతోంది. ఆర్గాను వాయించేవాడు ఎప్పుడూ ఏదో ఒక స్వరం గొణుగుతూ ఉంటాడు కనుక అతనికి శ్రుతిపెట్టె అని పేరు. పూర్వం నేను లేవగానే ఆపేవాడు. ఇప్పుడు నేను నడుస్తున్నంతసేపూ వాయిస్తూ, నా చెయ్యి బల్లకు తగిలాక ఆపుతున్నాడు. ఆర్గాను మోతవైపు నడిస్తే దారి తెలుస్తున్నదన్న మాట నిజమే. అది వేరు విషయం. అయ్యగారు మరొక రకం. "ఇప్పుడు మన పెద్దాయన రెండు మెట్లెక్కి, కుడివైపునున్న బల్ల దగ్గర పాఠం చదువుతారు" అని ప్రకటించారు. నాటకంలో పాత్రప్రవేశం చేయించినట్టు! వయస్సులో చిన్నవారు, మాటల పొదుపు తెలియదు. ఒకనాడు చెప్పాలి.

గ్రంథం ఎత్తినప్పుడు సభలో ఎవరో దగ్గారు. చదువుతుండగా లోపల ఆ సద్దుమణగడం వచ్చింది.

వచ్చిందనే అనుకుంటాను.

ఆగస్టు 14, గురువారం

రాలేదు.

ఆగస్టు 17, ఆదివారం

ప్రార్థనకు కూర్చుంటే ఒక చిక్కు. నేను అడుగుతున్నది చూపునా, గుట్టు దాగడాన్నా? రెండూ ఒకే వాక్యంలో వస్తున్నాయి, విడదీయలేకపోతున్నాను. వ్యాకరణం చెప్పినవాడిని, కర్మ ఏదో కర్త ఏదో తెలియకుండా దేవుని ముందు కూర్చున్నాను.

కలం ఎండిపోతోందని అనుకుంటున్నాను. ఇవాళ చూస్తే బల్ల మీద లావు మొనగల కొత్త కలం ఉంది. నేనే కొని మరచిపోయి ఉంటాను. మరపు కూడా మొదలైందా? ధారణ పోతే ఇక నాకేముంది?

ఆగస్టు 22, శుక్రవారం

అమ్మాయి బిడ్డను తీసుకొని వచ్చింది. ఒళ్ళో పెట్టింది. దుప్పటి కనిపించింది, జుట్టు కనిపించింది. ముఖం ఉండవలసిన చోట మసక. ఏదో చప్పుడైతే పక్కకు తిరిగాను, అప్పుడు ఆ చిన్ని ముఖం చూపు అంచుకు వచ్చి నిలిచింది. చూద్దామని తిరిగితే మాయం. మళ్ళీ పక్కకు తిరిగితే మళ్ళీ వచ్చింది. అలా చాలాసేపు ఆడుకున్నాం.

"పాపని చూడకుండా కిటికీ చూస్తారేంటి నాన్నగారూ?" అంది అమ్మాయి.

"వెలుతురు చూస్తున్నానమ్మా."

బాప్తిస్మం నాటి పాఠం కూడ ఖాయమైంది. శిష్యుల పడవ తుపానులో చిక్కుకొన్న ఘట్టం. అది నా పాఠం! ప్రభువు లేచి గాలిని గద్దించే మాట దగ్గర నేను నాభినుండి గొంతు తీస్తే మందిరపు అద్దాలు మోగుతాయి. ఆ ఒక్క మాట కోసం ముందరి వాక్యాలన్నింటినీ గబగబా నడిపిస్తాను. దీనికి ధారణ కూడ అక్కరలేదు.

ఆగస్టు 31, ఆదివారం

వ్రాయాలని లేదు. వ్రాయకపోతే తల పగిలేట్టుంది.

బాప్తిస్మం పనులకని వియ్యపురాలు నిన్ననే వచ్చింది. అమ్మాయి అత్తగారు, వేరొక సంఘానికి చెందినది. మంచి మనిషి, మనస్సులోని మాట నోట్లో నిలవదు. నేటి ఆరాధనలో ముందు వరుసలో కూర్చుంది. భోజనాల దగ్గర మొదలుపెట్టింది.

"మీ గొంతు వింటే ఒళ్ళు పులకరించిందనుకోండి అన్నయ్యగారూ. ఒక్కటి అడగనా? ఏమీ అనుకోరుగా?"

"అడుగు చెల్లెమ్మా."

"మా దగ్గర పుస్తకం మామూలుగానే పైకెత్తి చూపిస్తారు. మీ సంఘంలో తలకిందులుగా చూపిస్తారేం? ఏమైనా అర్థం ఉందా?"

గిన్నెల చప్పుడు ఆగింది. "అత్తయ్యగారూ, కాస్త ఆ నీళ్ళు…" అంది అమ్మాయి.

"నీళ్ళు నీ ముందరే ఉన్నాయి కదే. లోకానికి తలకిందులుగా కనపడేదే దేవుడి మాట, అనా అన్నయ్యగారూ? అదే అయ్యుంటుందని నేననుకున్నా. ఎంత బాగుందో! మా ఆయనతో చెప్పి మా సంఘంలో కూడా పెట్టిస్తా."

నేనేమన్నానో ఇక్కడైనా నిజం వ్రాయాలి.

"అవునమ్మా, అదే అర్థం" అన్నాను.

తరువాత గదిలో ఇంటావిడను అడిగాను. "ఎప్పట్నుంచి?"

"ఏది?"

"పుస్తకం."

"కొన్ని వారాలుగా తలకిందులే. ఒక ఆదివారం సరిగ్గానే ఎత్తారు. ఆవేళ అందరం ఊపిరి పీల్చుకున్నాం."

"అందరమా? నీకు ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? పెళ్ళైనప్పట్నుంచీ నా మొహం చూసి తిట్టేవారు. ఎండాకాలంలో మొహం మానేసి చెవి చూసి తిట్టడం మొదలుపెట్టారు. అప్పుడే తెలిసింది."

"మరి బట్టలు మడతపెడుతూ చదివింది?"

"ఆ బట్టలు పొద్దున్నే మడతపెట్టేశా. మీకోసం మళ్ళీ విప్పా."

"శ్రుతిపెట్టె?"

"ఎక్కడ ఆపాలో నేనే చెప్పా. అయ్యగారికి మెట్ల సంగతీ నేనే చెప్పా. మిగతావాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మీరే ఎత్తి చూపించారుగా."

ఆమె నవ్వుతూ అన్నదో ఏడుస్తూ అన్నదో నాకు ముఖం కనిపించలేదు. గొంతును బట్టి పోల్చుకోలేకపోయాను. గొంతులు నాకు తెలుసని ఇన్నాళ్ళూ నా గర్వం.

సెప్టెంబరు 1, సోమవారం

అందరూ కలిసి నన్ను మోసగించారు.

సెప్టెంబరు 2, మంగళవారం

నేను వారిని మోసగించాను, వారు మోసపోయినట్టు నన్ను మోసగించారు. ఇందులో ముందెవరు, వెనుకెవరు? అది కనికరమా, ఎగతాళా? కనికరమైతే నాకెందుకు ఇంత మంట? ఎగతాళి అయితే ఒక్కరైనా ఎందుకు నవ్వలేదు?

కొత్త కలం కూడ ఆమె పెట్టినదే కాబోలు.

సెప్టెంబరు 4, గురువారం

ఏమీ లేదు.

సెప్టెంబరు 7, ఆదివారం

మందిరానికి వెళ్ళలేదు. ఒంట్లో బాగులేదని చెప్పమన్నాను. "అబద్ధం నేను చెప్పను, రాలేదని చెప్తా" అని ఇంటావిడ వెళ్ళిపోయింది.

ఇల్లు ఖాళీ. ముందు గదిలో నిలబడి, కుర్చీ వీపును బల్లగా చేసుకొని, పడవ ఘట్టం మొదటినుండి చివరిదాకా చెప్పాను. గద్దించే మాట దగ్గర గొంతు బ్రహ్మాండంగా లేచింది. బీరువా అద్దం మోగింది. లోపల ఏమీ మోగలేదు. మళ్ళీ చెప్పాను. మూడోసారికి నాకే విసుగు పుట్టింది.

అంటే ఇన్నేళ్ళూ నేను సమాధానమనుకొన్నది ప్రభువుది కాదా? సభ లేచి నిలబడటమా? నిలబడేవారు లేకపోతే అది రాదా? అలాగైతే నేను విశ్వసించినది ఎవరిని? ఇతరులకు ఇన్నేళ్ళు వినిపించిన మాట నా చెవిన ఒక్కసారైనా పడిందా?

సమాధానం అడిగాను. ప్రార్థనలో ఇంత చిన్న వాక్యం నేనెన్నడూ చేయలేదు. విశేషణం ఒక్కటీ లేదు. జవాబు రాలేదు. కుర్చీలో కూర్చుండిపోయాను.

సెప్టెంబరు 10, బుధవారం

అయ్యగారూ శ్రుతిపెట్టె కలిసి వచ్చారు. నేను చూడలేదు గాని, గుమ్మంలో గొణుగుడు వినగానే తెలిసింది.

"ఆదివారం మీరు చదవాలండీ పెద్దాయనా. పుస్తకం నేను తెరిచి, సరిగ్గా చేతికిస్తాను" అన్నారు అయ్యగారు.

"నాటకమని అందరికీ తెలిశాక కూడానా?"

"నాటకమైతే టిక్కెట్లు అమ్మేవాళ్ళం మాష్టారూ" అన్నాడు శ్రుతిపెట్టె.

"మరి ఎందుకు చెప్పలేదు నాకు?"

అయ్యగారు కొంచెం తడబడ్డారు. "మీరే చెప్తారని చూశాం."

"ఎన్నాళ్ళు చూద్దామనుకున్నారు?"

"అలా ఏమీ అనుకోలేదండీ. మీకు ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు."

చివరకు, "మీకెవరికీ కోపం రాలేదా?" అన్నాను.

"నాకొచ్చింది" అన్నాడు శ్రుతిపెట్టె. "మీ నడకకి ప్రతివారం రెండు చరణాలు ఎక్కువ వాయించాలి. వేళ్ళు పడిపోతున్నాయి. త్వరగా నడవండి మాష్టారూ."

నవ్వు వచ్చింది. ఆపుకొన్నాను. చదవనని చెప్పాను. ఇది పంతమా వినయమా అని నన్ను నేను అడిగితే ఏదో తేలలేదు.

"అయితే నేను చదువుతా" అని గుమ్మంలోనుండి ఇంటావిడ.

"నువ్వా! పేర్లన్నీ మింగేస్తావు."

"పడవ కథలో పేర్లు లేవుగా."

సెప్టెంబరు 12, శుక్రవారం

ఆమె చదివింది, నేను దిద్దాను. ఒత్తు పలకలేదని ఆపాను. విరామం తప్పిందని ఆపాను. గద్దించే చోట గొంతు పెంచమన్నాను. "మీరు వాక్యం నేర్పుతున్నారా, నన్ను గద్దిస్తున్నారా?" అని పుస్తకం మూసి వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 14, ఆదివారం

నేను ముందు వరుసలో, వియ్యపురాలి పక్కన. ఆ వరుసలో కూర్చొని నేనెన్నడూ పాఠం వినలేదు.

ఆర్గాను మోగింది. ఇంటావిడ అడుగులు నాకు తెలుసు. మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎక్కింది. శ్రుతిపెట్టె అలవాటుకొద్దీ ఆమె బల్ల చేరేదాకా వాయించాడు. సభ లేచింది. నేనూ లేచాను. గ్రంథం పైకి లేచి ఉంటుంది.

వియ్యపురాలు నా మోచెయ్యి పట్టుకొని గుసగుసలాడింది. "అయ్యో అన్నయ్యగారూ, వదిన మామూలుగా ఎత్తేసింది! కంగారులో మర్చిపోయినట్టుంది."

నవ్వు నా వశం తప్పింది. ఆరాధన మధ్యలో, రుమాలు నోటికి అడ్డం పెట్టుకొని, భుజాలు కదిలేట్టు నవ్వాను. నవ్వు ఆగినచోట ఆ మాట దానంతట అదే వచ్చింది.

"లేదు చెల్లెమ్మా. ఆమె ఎత్తిందే సరైనది. నాకు కళ్ళు కనపడవు."

నా నోటితో ఆ వాక్యం చెప్పడం అదే మొదటిసారి. ఆమె నా మోచేతిమీది చెయ్యి తీయలేదు.

ఇంటావిడ చదవసాగింది. సాయంకాలమైంది, పడవ బయలుదేరింది, పెనుగాలి లేచింది, అలలు పడవలోకి వచ్చిపడ్డాయి. అక్కడ ఆమె చూపు ఒక వరుస జారింది. ప్రభువు పడవ వెనుకభాగంలో తలగడ మీద తల వాల్చి నిద్రపోతున్నాడన్న వాక్యాన్ని దాటవేసి, శిష్యులు ఆయనను లేపడంలోకి వెళ్ళిపోయింది. నిద్రపోనివాడిని లేపినట్టయింది. సభలో ఎవరూ కదలలేదు. నా నాలుక మీదికి దిద్దుబాటు వచ్చింది. ఇంతకాలం దిద్దినవాడినే కదా.

దిద్దలేదు. ఎందుకో తెలియదు.

ఆమె ముందుకు సాగింది. గాలిని గద్దించే మాటను గొంతు పెంచకుండా, పక్కింటివారికి చెప్పినట్టు చెప్పింది. నేను ఆ మాట దగ్గరికి వెళ్ళలేదు. దాటిపోయిన వాక్యం దగ్గరే ఆగిపోయాను. అది అందరికీ పోయి నాకొక్కడికే మిగిలింది. ఎన్నిమార్లు చదివి ఉంటాను! గద్దింపు దాకా తొందరగా చేరాలని ఆ తలగడ మీదుగా ప్రతిసారీ పరుగెత్తాను. నాకు సమాధానమంటే గాలి ఆగిపోవడం. కాని గాలి ఆగకముందే, నీళ్ళు మీద పడుతూండగానే, ఆయన నిద్రపోయాడు. అదే పడవలో. వారు భయపడుతున్న పడవలోనే.

అయ్యగారు బిడ్డను ఎత్తుకున్నారు. నీళ్ళు తలమీద పడగానే కెవ్వుమంది. నేను పక్కకు, ఆర్గానువైపు తిరిగాను. తడిసిన ఆ చిన్ని ముఖం అంచుకు వచ్చి నిలిచింది.

లోపల సద్దుమణిగిందా? దాని వైపు తిరిగి చూడలేదు. చూస్తే పోతుందేమోనని కాదు. చూడాలని తోచలేదు.

సెప్టెంబరు 15, సోమవారం

ఇంటావిడ ఒక అట్టముక్కకు వరుసల వెడల్పున చీలికలు కత్తిరించి బల్ల మీద పెట్టింది. పుట మీద అట్ట పెట్టుకొని ఆ చీలికల్లో వ్రాస్తే వరుసలు ఒకదానిమీద ఒకటి ఎక్కవట. "నువ్విది చదివావా?" అని అడిగాను. "మీరు వరుస మీద వరుస రాస్తుంటే ఎవరికి చదవడం కుదురుతుంది? నేను చూసింది గజిబిజే" అంది. నమ్మాను.

"నిన్న ఒక వాక్యం వదిలేశావు" అన్నాను.

"అయ్యో! ఏది?"

"తలగడ."

"అక్కడే చెప్పలేకపోయారా?"

"నాకు కావలసి వచ్చి ఉంచుకున్నాను."

ఆమెకు అర్థం కాలేదు. నాకూ పూర్తిగా కాలేదు. ఇది విశ్వాసమో, ఇన్నాళ్ళు దాచిన అలసట దిగిపోవడమో తేల్చలేను. గాలి ఆగలేదు. చూపు తిరిగి రాదు, రేపు ఈ చీలికలూ కనిపించవు. ఇవాళ మధ్యాహ్నం మాత్రం కుర్చీలో కూర్చున్నవాడిని కూర్చున్నట్టే నిద్రపోయాను. లేచేసరికి మెడకింద తలగడ ఉంది. ఎవరు పెట్టారో ఈసారి నాకు తెలుసు.

నా తరువాత ఆ బల్ల ముందు నిలిచి ఆ గ్రంథాన్ని ఎత్తబోయేవారలారా, మీరెవరో నేను చూడలేను. మీ చేతులకు బలం కలుగుగాక. మీరు దానిని తిన్నగా పట్టినా తలకిందులుగా పట్టినా, మీ ఎదుట లేచి నిలిచేవారు మిమ్మును భరించుదురుగాక. ఒత్తు తప్పినా, వరుస జారినా, మీరు దాటవేసిన వాక్యం సభలో దానికై ఆకలిగొన్న ఎవరో ఒకరికి దొరుకుగాక. ఓ పసిదానా, నిన్ను నీట తడిపిన ఈ గాలివానలో నీకంటె ముందుగా పడవనెక్కి పడుకొన్నవాడు నిన్ను విడువకుండునుగాక. ఆయన నిద్రలో నీకును పాలుపంపులు కలుగుగాక.

ఆమెన్.